పెన్న ఒడ్డున కనాను కబుర్లు

మీరే న్యాయం చెప్పండి. నాలుగు వందల ఏళ్లకు పైగా పరాయి దేశంలో పడి ఉన్న ఇశ్రాయేలు జనం. ఐగుప్తు రాజు ఫరోకి ఇటుకలు చేసి చేసి నడుములు విరిగిన జనం. దేవుడే దిగొచ్చి విడిపించాడు. సముద్రాన్ని చీల్చి నడి మధ్యన ఆరిన నేల చూపించాడు. తరుముకొచ్చిన రథాలన్నీ నీళ్లలో కలిసిపోయాయి. ఇంత జరిగాక, ఎడారిలో గుడారాలు వేసుకున్న ఆ జనం దేనికోసం ఏడ్చారో తెలుసా? చేపల కోసం! ఐగుప్తులో ఊరికే దొరికిన చేపలు, దోసకాయలు, పుచ్చకాయలు, ఉల్లి, వెల్లుల్లి. వీటిని తలుచుకుని ఎవరి గుడారం ముందర వాళ్లు కూర్చుని ఏడ్చారు. నేను కల్పించింది కాదు, సంఖ్యాకాండం పదకొండో అధ్యాయం తిరగేయండి.

మీకు నవ్వొచ్చిందా? నెల్లూరోడికైతే రాదు. మన పిల్లోడు బెంగుళూరుకి ఉద్యోగానికి పోతాడు. మంచి జీతం, చల్లటి గది. వారం తిరక్కముందే ఫోను. ‘అమా, పులుసు పంపించవా?’ ఆ తల్లి మామిడికాయ ముక్కలేసి చేపల పులుసు కాచి, ఒక రాత్రి ఊరనిచ్చి, స్టీలు క్యారియర్లో పెట్టి, మూతకి గుడ్డ బిగించి రాత్రి బస్సుకిస్తుంది. స్వేచ్ఛ గొప్పదే, ఎవరు కాదన్నారు? నాలుక గోల నాలుకది.

దేవుడు పాపం తిండి పెట్టకపోలేదు. పొద్దున్నే మంచు ఆరేసరికి నేలంతా మన్నా. తెల్లగా, ధనియాలంత గింజలు. తేనె కలిపిన అప్పం రుచి. ఎవరికి చాలినంత వాళ్లు ఏరుకోవాలి. రేపటికని దాస్తే పురుగు పడుతుంది. శుక్రవారం మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు, అది పాడవదు, ఎందుకంటే శనివారం వంట పని ఉండకూడదు. ఎంత ముచ్చటైన ఏర్పాటు! అయినా సరే, రోజూ ధనియాల గింజలేనా అని గొణుగుడు. మాంసం కావాలన్నారు. దేవుడికి ఒళ్లు మండింది. పూరేడు పిట్టల్ని పంపాడు, నెల రోజుల పాటు ముక్కుల్లోంచి వచ్చేదాకా తినండి అని. ఇట్టాంటి దేవుడంటే నాకు బో ఇష్టం. కోపంలోనూ వడ్డన మానడు.

సరే, దూరం ఎంతనుకున్నారు? ఐగుప్తు డెల్టా నుంచి దేవుడు వాళ్లకి ఇస్తానన్న కనానుకు తిన్నగా నడిస్తే మన నెల్లూరు నుంచి హైదరాబాదుకి పోయినంత, అంతే. సంసారంతో, గొర్రెల మందలతో పోయినా కొన్ని వారాల దారి. వీళ్లకి పట్టింది నలభై ఏళ్లు! దారి తప్పి కాదు. ముందుగా పన్నెండు మందిని వేగు చూసి రమ్మని పంపారు. నలభై రోజులు తిరిగారు. ఒక ద్రాక్షగెల నరుక్కుని, దాన్ని కర్రకి తగిలించి ఇద్దరు మోసుకొచ్చారు. దానిమ్మలు, అంజూరాలు వేరే. ఒక్క గెలకి ఇద్దరు మనుషులు, కర్ర! పొలం బేరానికి పోయినోడు ఇంకేం చూడాలండీ? కానీ పదిమంది బెంబేలెత్తిపోయారు. అక్కడ ఉన్నోళ్లు ఆజానుబాహులు, వాళ్ల ముందు మనం మిడతలం అన్నారు. యెహోషువ, కాలేబు ఇద్దరే పోదాం పదండి అన్నారు. జనం ఎవరి మాట విన్నారో చెప్పాలా? ఆ నలభై రోజులకి రోజుకొక ఏడు చొప్పున శిక్ష. పెద్దోళ్లంతా ఎడారిలోనే రాలిపోయారు.

మోషే సంగతి చూడండి. ఇంత సంసారాన్నీ మోసుకొచ్చిన మనిషి. నెబో కొండెక్కి ఆ దేశాన్ని కళ్లారా చూశాడు. కాలు మాత్రం పెట్టలేదు. నూట ఇరవై ఏళ్లకి అక్కడే పోయాడు. సమాధి ఎక్కడో ఎవరికీ తెలియదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడు పడదు. దేవుడితో నాకున్న పాత పేచీల్లో ఇదొకటి.

ఇంతకీ ఆ దేశం ఎంతుంటుంది? పాతకాలం లెక్క ప్రకారం ఉత్తరాన దాను నుంచి దక్షిణాన బెయేర్షెబా దాకా. కొలిస్తే సుమారు 240 కిలోమీటర్లు. అంటే నెల్లూరు నుంచి గుంటూరు! వెడల్పు యొర్దాను నుంచి సముద్రం దాకా చూస్తే నెల్లూరు నుంచి నాయుడుపేట, కాస్త అటూ ఇటూ. ఆ యొర్దాను కూడా 250 కిలోమీటర్ల ఏరు. మన పెన్న 597. ఎండాకాలం పెన్నలో ఇసక తప్ప ఏముంది అని మీరు ఎత్తిపొడవొచ్చు. పొడవండి. లెక్క లెక్కే గదా. గలిలయ సముద్రం అంటారే, అది 166 చదరపు కిలోమీటర్ల మంచినీళ్ల చెరువు. మన పులికాట్ నిండుగా ఉన్నప్పుడు దానికి రెండింతలు దాటుతుంది. కానీ మన పులికాట్ కోసం ఎవరూ మూడు వేల ఏళ్లు కలవరించలేదు. రాజహంసల్లాంటి ఫ్లెమింగోలు తప్ప.

ఇక్కడో మాట. పేపర్లో రోజూ వచ్చే యుద్ధాల సంగతి నేను ఎత్తడం లేదు. అది వేరే రోజు, వేరే గొంతుతో మాట్లాడుకోవాల్సింది. ఇవి పాతకాలపు కబుర్లు.

ఆ భూమి ఈ జనం మూలపురుషుడు అబ్రాహాముకి దేవుడు మాటిచ్చింది గదా. ఆకాశంలో చుక్కలంత సంతానం, ఈ నేలంతా నీదే అన్నాడు దేవుడు. అప్పటికి ఆయనకి పిల్లల్లేరు, సెంటు భూమి లేదు. చివరికి భార్య శారా పోయిన రోజున పాతిపెట్టడానికి జాగా కొనుక్కోవాల్సి వచ్చింది! వాగ్దాన దేశంలో ఆయన మొదటి రిజిస్ట్రేషను అదే, మక్పేలా గుహ. ఆ బేరం చదివి తీరాలి మీరు. ఆదికాండం ఇరవై మూడు. ఊరి గవిని దగ్గర పదిమంది ముందు ఎఫ్రోను అనే ఆసామి అంటాడు, అయ్యో, మీకు అమ్మడమేందండీ, ఊరికే తీసుకోండి అని. ఈయన వద్దంటాడు. ఆయన అట్టా అట్టానే, నాలుగు వందల తులాల వెండి మన మధ్య ఒక లెక్కా అని ధర జారవిడుస్తాడు. అబ్రాహాము గుటుక్కున మింగి తూకం వేసి ఇచ్చేస్తాడు. మన పక్క లేఅవుట్లలో ప్లాటు కొన్నవాళ్లు ఎవరైనా ఈ సంభాషణ గుర్తుపడతారు. సాక్షులు, హద్దులు, పొలంలో చెట్లతో సహా దస్తావేజు. దేవుడి వాగ్దానం ఉన్నా కాగితం కాగితమే.

ఆ ఇంటి సంబంధాలు కూడా మన వరసలకి దగ్గరగానే ఉంటాయి. మనవడు యాకోబు మేనమామ కూతుర్ని ప్రేమించాడు. ఏడేళ్లు గొడ్డుచాకిరీ చేశాడు. తీరా మేలిముసుగు తీస్తే అక్క! మామ మోసం. ఇంకో ఏడేళ్లు చేస్తానని ఒప్పుకుని చెల్లెల్నీ చేసుకున్నాడు. మేనరికమే గదా అని మన ముసలమ్మలు ఈ కథ వింటే సగం క్షమిస్తారు. పద్నాలుగేళ్ల జీతం ఎగ్గొట్టిన మామని మాత్రం క్షమించరు.

నాకు అన్నిట్లోకి ఇష్టమైనవాళ్లు సెలోపెహాదు కూతుళ్లు. ఐదుగురు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. తండ్రి ఎడారిలో పోయాడు. కొడుకుల్లేరు. కనానులో భూమి పంచబోతున్నారని విని వీళ్లు నేరుగా మోషే ముందుకే వచ్చి నిలబడ్డారు. కొడుకుల్లేనంత మాత్రాన మా నాయన పేరు పోవాలా, మా వాటా మాకివ్వండి అని. మోషేకి ఏం చెప్పాలో తోచలేదు. పైకి అర్జీ పెట్టాడు. దేవుడు, ఆ పిల్లలు చెప్పింది న్యాయమే అన్నాడు! ఇక్కడ మన దగ్గర ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా అని ఎన్టీ రామారావు ప్రభుత్వం చట్టం తెచ్చింది 1986లో. దేశం మొత్తానికి వచ్చింది 2005లో. ఎవరు ముందో చూసుకోండి. అయితే కులపెద్దలు ఊరుకుంటారా? కొన్నాళ్లకి వచ్చారు. ఈ పిల్లలు బయటి గోత్రంలో పెళ్లాడితే భూమి పోతుంది గదయ్యా అన్నారు. సరే, మీ గోత్రంలోనే చేసుకోండి అని తీర్పు. వాళ్లు చిన్నాన్న కొడుకుల్ని చేసుకున్నారు. మనకి వరస కాదు, చెంపలేసుకుంటాం. వాళ్లకి తప్పు లేదు. ఊరికొక వరస.

ఆ భూమి ఇచ్చింది కూడా ఊరికే ఇవ్వలేదు. షరతులు చాంతాడంత. పొలం అంచుల దాకా కోయకూడదు. అంచు పేదోళ్లది. పడిపోయిన వెన్ను వంగి తీసుకోకూడదు. పరిగె ఏరుకునేవాళ్లది. బైబిల్లో రూతు కథంతా ఆ పరిగె మీదే నడుస్తుంది. ఏడో ఏడు పొలం బీడు పెట్టాలి, ఆ ఏడే అప్పులు మాఫీ. యాభయ్యో ఏడు మరీ విడ్డూరం. అమ్ముకున్న పొలం మళ్లీ అసలు ఇంటివాళ్లకి తిరిగిపోవాలి! అంటే కొన్నవాడు కొన్నది భూమిని కాదు, మిగిలిన ఏళ్ల పంటల్ని. కోవూరు పక్కన ముక్కారు మాగాణి ఉన్న ఆసామికి ఈ రూలు చెప్పి చూడండి. మజ్జిగ ఇచ్చి మర్యాదగా సాగనంపుతాడు. ఇది ఎన్నాళ్లు ఎంత ఖచ్చితంగా అమలైందో గానీ రాసిపెట్టుకోవడానికైనా గుండె ఉండాలి. భూమి నాది, మీరు నా దగ్గర కౌలుదార్లు అని దేవుడే చెప్పిన మతం అది.

ఇప్పుడు అసలు బాధ. రొయ్య తినకూడదు.

కూర్చోండి, కంగారు పడకండి. నీళ్లలో బతికేవాటిల్లో రెక్కలు, పొలుసు రెండూ ఉన్నవే తినాలని లేవీయకాండం. శీలావతి తినొచ్చు. బొచ్చె తినొచ్చు. జల్ల కుదరదు, పొలుసు లేదు. వాలుగ కుదరదు. పీత కుదరదు. సొర కుదరదు. అంటే సొర పుట్టు కూడా పాయె! ఇందుకూరుపేట, అల్లూరు, విడవలూరు మండలాల్లో గుంట తవ్విన ప్రతి ఇంటికీ అన్నం పెడుతున్న రొయ్య ఆ ధర్మశాస్త్రం ముందు గడప బయటే నిలబడాలి. ఎడారిలో ఇచ్చిన చట్టం కాబట్టి సరిపోయింది. అదే మైపాడు ఒడ్డున ఇచ్చి ఉంటే జనం ఆ సాయంత్రమే ఐగుప్తుకి తిరుగు ప్రయాణం కట్టి ఉండేవాళ్లు.

దోసెకి మాత్రం ఆశ ఉంది. పస్కా పండగ ఏడు రోజులూ ఇంట్లో పులిసిన పిండి ఉండకూడదు. ఐగుప్తు నుంచి పరుగున బయల్దేరారు, పిండి పులిసే తీరిక లేదు, దాని గుర్తుకు పులియని రొట్టె. గోధుమ, బార్లీ లాంటి ఐదు ధాన్యాల మీదే పట్టింపు. మరి బియ్యం, పప్పులు? ఇక్కడ యూదుల్లోనే రెండు పార్టీలు. మధ్య, తూర్పు యూరపు వైపు వాళ్లు అవీ వద్దంటారు. స్పెయిన్, అరబ్బు దేశాల వైపు నుంచి వచ్చినవాళ్లలో చాలామంది బియ్యం తింటారు. పప్పు నూరి పెడుతున్నా, నెల్లూరు కారం దోసె తరఫున నేను ఆ రెండో పార్టీలో సభ్యుణ్ణి.

ఆ పస్కా పున్నమికే వస్తుంది. తిథులు చంద్రుణ్ణి బట్టి, రుతువులు సూర్యుణ్ణి బట్టి, రెండూ కలవడానికి వాళ్లకీ అధికమాసం ఉంది. పంతొమ్మిదేళ్లలో ఏడు సార్లు. మన సిద్ధాంతి గారిని తీసుకుపోయి యెరూషలేములో కూర్చోబెడితే రెండు రోజుల్లో సర్దుకుంటాడు. శరత్కాలంలో ఇంకో పున్నమికి పర్ణశాలల పండగ. ఏడు రోజులు ఆకుల పందిరి కింద గడపాలి. పందిరి సందుల్లోంచి చుక్కలు కనపడాలి. మేడలు కట్టుకున్నవాళ్లు కూడా! గుడారాల్లో బతికిన రోజులు మర్చిపోకూడదని. మన తీరాన తాటాకు పాకల్లో ఉన్నవాళ్లకి ఆ పండగ ఏడాది పొడుగునా ఉండేది, అది వేరే సంగతి.

‘ఇదంతా నిజంగా జరిగిందంటావా?’ అని గోడ అవతల నుంచి మీరు అడుగుతున్నట్టే ఉంది. తవ్వకాల వాళ్లకి ఆ మహా వలస జాడ దొరకలేదు. ఇశ్రాయేలు అనే పేరు మాత్రం ఐగుప్తు రాజు మెర్నెప్తా చెక్కించిన రాతి మీద ఉంది, క్రీ.పూ. 1208 ప్రాంతంలో. ఏమని ఉంది? ఆ జనాన్ని నామరూపాల్లేకుండా చేశామని! మెర్నెప్తా గారి మమ్మీ కైరోలో ఒక మ్యూజియంలో అద్దాల పెట్టెలో పడుకుని ఉంది. ఆ జనం ఈ ఏడు కూడా పస్కా చేసుకున్నారు. శాసనాలు చెక్కించేటప్పుడు కాస్త ఆగి చూసుకోవాలండీ.

వచ్చిన దేశం నిలబడిందా అంటే, లేదు. క్రీ.పూ. 722లో అస్సీరియా వాళ్లు ఉత్తర రాజ్యాన్ని కొట్టి పది గోత్రాల వాళ్లని ఎత్తుకుపోయారు. క్రీ.పూ. 586లో బబులోను వాళ్లు యెరూషలేము గుడి తగలబెట్టారు. పారసీక రాజు కోరెషు పుణ్యాన కొందరు తిరిగొచ్చి మళ్లీ కట్టుకున్నారు. క్రీ.శ. 70లో రోము వాళ్లు దాన్నీ కూల్చారు. 132లో బర్ కోఖ్బా అనే నాయకుడితో జనం మళ్లీ తిరగబడ్డారు. మూడేళ్లు పోరాడి ఓడారు. అప్పటి రోమన్ చక్రవర్తి హాడ్రియన్. యెరూషలేము పేరు మార్చేశాడు, యూదులు ఆ ఊళ్లో అడుగు పెట్టకూడదన్నాడు, దేశం పేరే తుడిచేశాడు.

ఆ హాడ్రియన్ మన నెల్లూరికి వచ్చాడు, తెలుసా మీకు?

రోముకీ మన తీరానికీ వ్యాపారం సాగిన రోజుల్లో వచ్చాడు, బంగారు నాణెం మీద బొమ్మై. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు రాతి గుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగులుకుంది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం. దాని కింద చిన్న కుండ. కుండలో రోమన్ బంగారు కాసులు. ట్రాజన్, హాడ్రియన్, రాణి ఫౌస్టినా. కొన్ని నిన్న అచ్చు పోసినట్టు మెరుస్తున్నాయట. కొన్నిటికి బెజ్జాలు ఉన్నాయట, ఎవరో దండలో కుట్టుకుని వేసుకున్నవి. ఆ రైతు మామూలు పాత బంగారంలాగా అమ్మేశాడు. కొన్ని కరిగిపోయాయి. మిగిలినవాటి గురించి మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ 1787లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీకి ఉత్తరం రాశాడు. అందుకే ఈ కథ మనదాకా వచ్చింది. ఊహించుకోండి. ఒక జనాన్ని వాళ్ల నేలమీంచి వెళ్లగొట్టిన చక్రవర్తి. మన ఊళ్లో ఏ అమ్మాయి మెడలోనో బెజ్జం పొడిపించుకుని వేలాడాడు. యూదులు ఇంతకంటే మంచి ప్రతీకారం రాసుకోలేదు, నేను పందెం కడతా.

మనుషులుగా యూదులు మన దాపుకి రావడం వ్యాపారానికే. మధ్యధరా పగడాలు మద్రాసుకి తెచ్చి గోల్కొండ వజ్రాలు పట్టుకుపోయేవాళ్లు. 1680ల్లో వచ్చిన జాక్ డి పైవా అనే ఆయన గనుల దాకా పోయి, జబ్బు చేసి 1687లో మద్రాసులో పోయాడు. మన అమ్మమ్మల పగడాల పేరు ఏ యూదుడి మూటలోంచి వచ్చిందో ఎవరు చూడొచ్చారు?

కానీ యూదుల కథ మనకి చేరింది యూదుల వల్ల కాదు. 1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ నెల్లూరులో కాపురం పెట్టాడు. ఏళ్ల తరబడి చెప్పినా వినేవాడు లేడు. 1853లో అమెరికాలో పెద్దలు మీటింగు పెట్టి ఈ దుకాణం మూసేద్దామా అని తర్జనభర్జన పడ్డారు. పటం మీద ఒంటరి చుక్కలా ఉంది నెల్లూరు. ఆ ఒంటరి చుక్క మీద రాత్రికి రాత్రి ఒకాయన పద్యం కట్టేసరికి అందరి మనసూ కరిగి మూయడం మానేశారు. పద్యం వల్ల ఆఫీసు నిలబడింది! కవులు ఎవరైనా చదువుతుంటే ఈ పేరా కత్తిరించి దాచుకోండి.

డే తర్వాత ఒంగోలు దాకా పోయిన మిషనరీలు లైమన్ జూయెట్, జాన్ క్లౌ. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే, ముందే చెప్తున్నా, ఒంగోలోళ్లు తగువుకి రాకండి. 1866లో తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్యతో మాదిగల్లో ఈ మాట పాకింది. తర్వాత 1876 నుంచి 78 దాకా కరువు, మన తాతలు చెప్పుకునే ధాత కరువు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు క్లౌ కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలికి వచ్చినవాళ్లకి కూలి. తట్టలు మోసి మోసి సాయంత్రం గట్టు మీద కూర్చుంటే బోధకులు కథలు చెప్పేవాళ్లు. ఇటుకలు మోసిన జనాన్ని దేవుడు విడిపించిన కథ మట్టి మోసేవాళ్లకి చెప్పాలంటే వివరణ కావాలా? 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలవ ఇప్పటికీ మన తీరం పొడుగునా ఉంది. ఎక్కువ చోట్ల తుంగ, బురద. ఎవరూ దాన్ని ఎర్రసముద్రంలా చూడరు, చూసినా ముక్కు మూసుకుంటారు.

ముస్లింల ఇళ్లలో ఈ కథ ఇంకా ముందే ఉంది. మూసా, హారూన్, యాకూబ్, యూసుఫ్, సులేమాన్, ఇట్టాంటి పేర్లు లేని వీధి నెల్లూరులో యాడ ఉంది? మొహర్రం పదో రోజు అంటే మనకి హుసేన్ గారి త్యాగమే గుర్తొస్తుంది. దేవుడు మూసానీ ఆయన జనాన్నీ ఫరో చేతుల్లోంచి కాపాడిన రోజు కూడా అదేనని, అందుకే ఉపవాసమనీ సున్నీల్లో మాట. మన రొట్టెల పండగ ఆ మొహర్రానికే వస్తుంది. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, తీరనివాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఇంటి రొట్టె, వీసా రొట్టె! ఒక్కొక్కరిది ఒక్కో కనాను. ఎక్కువమందిది ఈమధ్య అమెరికాలో ఉన్నట్టుంది. అక్కడికి పోయాక రాత్రి బస్సు ఉండదు, పులుసు సంగతి ఏం చేస్తారో.

ఇక్కడ ఆపుదామంటే కొత్తరెడ్డిపాలెం మిగిలిపోయింది. అది చెప్పకపోతే కబుర్లకి అర్థమే లేదు.

గుంటూరు నుంచి పొన్నూరు దారిలో చేబ్రోలు. దాని పక్కనే ఈ ఊరు. అక్కడ కొన్ని కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్లమంటాయి. బెనె ఎఫ్రాయిం. అస్సీరియా వాళ్లు ఎత్తుకుపోయిన పది గోత్రాల్లో ఒకటి. పారసీకం మీదుగా, ఉత్తర హిందూస్థానం మీదుగా నడిచి నడిచి తెలుగు నేల చేరామని వాళ్ల మాట. ఊరు వాళ్లని మాదిగలుగానే ఎరుగును. ఇంటి పెద్దల కాలంలో బాప్టిస్టులు. 1980ల చివరి నుంచి షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ముల పూనికతో బాహాటంగా యూదులమని చెప్పుకోవడం మొదలెట్టారు. ప్రార్థన మందిరం కట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రం దీపాలు, హీబ్రూ ప్రార్థన, పస్కా, అన్నీ. మా తిండీ, మేము చనిపోయినవాళ్లని పాతిపెట్టడమూ ఆ పాత ఇశ్రాయేలు ఆనవాళ్లేనని వాళ్ల వాదన. యులియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వీళ్ల మీద పెద్ద పుస్తకమే రాశారు. 2013లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అచ్చేశారు.

రాతలో రుజువు ఉందా? శాసనం లేదు, తాళపత్రం లేదు. మరి మక్పేలా గుహకి దస్తావేజు చూపమంటే ఎవరు చూపిస్తారు? నాకు వాళ్లలో నచ్చింది వేరే. ఏడో రోజు పని మానాలనే నియమం ఉంది చూశారా, అది మొదట విన్నవాళ్లు నిన్నటిదాకా బానిసలు. సెలవనేది ఎరగని జనం. నువ్వే కాదు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద కూడా ఆ రోజు ఊపిరి పీల్చుకోవాలని ఆ నియమం. కొత్తరెడ్డిపాలెంలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. మిరపకోతల రోజుల్లో శనివారం పని మానితే ఆ రోజు కూలి పోయినట్టే. నెల జీతం వచ్చేవాడికి విశ్రాంతి దినం ఫలహారం. వీళ్లకి ఖర్చు. అయినా మానాలనుకునేవాళ్లు ఉన్నారు. ధర్మశాస్త్రం అర్థం కావాలంటే పెద్ద పండితుణ్ణి కాదు, రోజు కూలి పోగొట్టుకుని దీపం పెట్టిన ఆ ఇల్లాలిని అడగాలి.

కడపటి ముచ్చట. ఎఫ్రాయిముకి అన్న ఉన్నాడు, మనష్షే. తాత యాకోబు దీవించేటప్పుడు చేతులు అడ్డంగా మార్చి కుడిచేయి తమ్ముడు ఎఫ్రాయిము తల మీద పెట్టాడు. తండ్రి యోసేపు గొడవ పడ్డా వినలేదు. తమ్ముడే ముందు అన్నాడు. మన మణిపూర్, మిజోరంలో మనష్షే గోత్రం వాళ్లమనే బ్నెయ్ మెనషేలు ఉన్నారు. వాళ్లని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ 2005లో ఒప్పుకున్నాడు. వేలమంది అక్కడికి వెళ్లి స్థిరపడ్డారు. ఎఫ్రాయిము వాళ్లకి ఆ జాబితాలో చోటు రాలేదు. తాత చేతులు మార్చి ఏం లాభం, ఆఫీసు వాళ్లు మళ్లీ సరిగ్గా పెట్టేశారు!

ఆ వైపు పోతే చేబ్రోలు గుళ్లు ఎట్టాగూ చూస్తారు గదా, ఆ మందిరం కూడా చూసి రండి. మర్యాదగా అడిగి లోపలికి పోండి. శనివారం పోతే కెమెరా సంచిలోనే ఉంచండి.